బంతిలో ఉన్నోళ్లు, లేనోళ్లు

ఆకలిగొన్న మనిషి ఎదుట ఉంటే ఎస్తేరమ్మ చెయ్యి ఊరుకోదు. అచ్చంపేట హాస్టల్లో పిల్లలకు వండి వండి రిటైరైన చెయ్యి అది. పప్పులో గంటె తిప్పుతూనే, పళ్లెం కడగకుండా జారుకునే పిలగాణ్ని పేరు పెట్టి పిలిచి తిట్టేది. తిడుతూనే బియ్యంలో రాళ్లేరేది. ఏరుతూనే క్రీస్తు పాటొకటి అందుకునేది. ఇన్ని పనులు ఒక్కసారే ఎట్లా చేస్తావని ఎవరైనా అడిగితే, "దేవుడు నోరు వేరే ఇచ్చిండు, చెయ్యి వేరే ఇచ్చిండు. దేని పని దానిదే" అనేది.

రిటైరయ్యాక కల్వకుర్తి దగ్గర సొంతూరికి వచ్చేసింది. మొగుడు భిక్షపతి మార్కెట్ యార్డులో హమాలీగా చేసి మానుకున్న మనిషి. బస్తాలు మోసి మోసి ఆయన మెడ పొట్టిదైంది గాని నాలుక మాత్రం పొడుగైందని వాడలో అందరికీ తెలుసు. కొడుకు విజేందర్ కరెంటాఫీసులో పని చేస్తాడు. కోడలు గ్లోరీ అంగన్‌వాడీ టీచరు. కొడుక్కూ కోడలికీ రోజూ పని ఉంది, ఎస్తేరమ్మకు మాత్రం ఏడాదికి ఒక్కటే పెద్ద పని. చర్చిలో కోతకాల పండుగ నాడు సంఘమంతటికీ మాంసం కూర వండాలి.

పని అంటే పని కాదు, అది ఆమె పదవి. చర్చికి రేకుల కప్పు ఉన్న రోజుల నుంచీ పండుగ కూర ఉడికే పెద్ద డేగిసలో ఉప్పు వేసింది ఆమే. మొదటి బంతిలో కూర్చున్న పెద్దలకు కూర వడ్డించేదీ ఆమే. రెండో బంతి నుంచి ఎవరైనా వడ్డించుకోవచ్చు గాని మొదటి బంతికి వండిన చెయ్యే వడ్డించాలి, అది ఆ సంఘం ఆనవాయితీ. ఆ ఒక్క పూట గంటె పట్టుకుని షామియానా కింద నడుస్తుంటే ఎస్తేరమ్మకు తను కలెక్టరమ్మ కన్నా తక్కువేమీ కాదనిపించేది. అనిపించడమే కాదు, పైకి అనేది కూడా.

అట్లాంటి చేతికి వణుకు పట్టింది. మహబూబ్‌నగర్లో డాక్టరమ్మ చూసి పార్కిన్సన్స్ అని చెప్పింది. వాడలో వణుకుడు రోగమన్నారు. ఎస్తేరమ్మ పెద్దగా బాధపడలేదు. "చెయ్యి దానంతట అదే కలుపుతాంది, నాకు కష్టం తప్పింది" అని నవ్వేసింది. మందులు వేసుకుంటే వణుకు తగ్గింది. తగ్గాక మొదలైన సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

ముందు నోటికీ చేతికీ పొత్తు చెడింది. మాట్లాడితే చెయ్యి ఆగిపోయేది, చెయ్యి కదిలితే మాట ఎక్కడ ఆపిందో మరిచిపోయేది. కూరలో ఉప్పు వేసే వేళకు ఫోను మోగిందంటే, మాట్లాడి వచ్చి మళ్లీ ఉప్పు వేసేది.

"ఏందే, సముద్రం నీళ్లతోని వండినవా?" అనేవాడు భిక్షపతి ముద్ద మింగలేక.

"సముద్రం చూసిన మొఖమే" అనేది ఆమె. పైకి అట్లా అన్నా లోపల గుబులుగా ఉండేది.

తరువాత మనుషులొచ్చారు. ఒకనాడు పొద్దుగూకే వేళ ఇంటి ముందు అరుగు మీద ఒక ఆడపిల్ల కూర్చుని కనబడింది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, ఒళ్లో పలక. ఎవరి బిడ్డో తెలియదు. ఎవరి బిడ్డైతేనేం, "తిన్నవా బిడ్డా?" అని అడిగింది. పిల్ల పలకలేదు. లోపలికి పోయి పళ్లెంలో అన్నం పెట్టుకొచ్చేసరికి అరుగు ఖాళీ. మర్నాడు బియ్యం డబ్బా పక్కన గొంగడి కప్పుకున్న ముసలాయన ఒకడు. ఆ తరువాత ముక్కూమొఖం తెలియని ఆడవాళ్లు, పిల్లలు. గోడకు తగిలించిన విజేందర్ రెయిన్‌కోటు కూడా మసక వెలుతురులో మనిషై నిలబడేది. ఎవరూ పలకరు, ఎవరూ ఏమీ చెయ్యరు, ఊరికే ఉంటారు. కాసేపు ఉండి, ఆమె అటు తిరిగి ఇటు చూసేసరికి మాయమయ్యేవారు.

ఇంకొకరైతే కెవ్వున కేకపెట్టి ఉందురు. ఎస్తేరమ్మకు భయం కన్నా సిగ్గే ఎక్కువ వేసింది. ఇంటికొచ్చినవాళ్లు తినకుండా పోతున్నారు, ఇదేం మర్యాద? ఆమెకు భయమంటూ ఉంటే ఒక్కటే. ఈ సంగతి వాడకు తెలిస్తే పండుగ నాడు గంటె తన చేతికి ఇయ్యరు. అందుకే నోరు కట్టేసుకుంది. అంత మాటకారి నోరు కట్టేసుకోవడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు.

దాగితే దాగేది గాని, చెయ్యి ఊరుకోదు కదా. ఒకరోజు మధ్యాహ్నం భిక్షపతి ఇంట్లోకి వచ్చేసరికి, గోడ వారగా పీట వేసి, పీట ముందు పళ్లెం పెట్టి, పళ్లెంలో పప్పన్నం కలిపి పెట్టి ఉంది.

"ఎవరికే?"

"కుక్కకు."

"కుక్క పీట మీద కూసుంటదా?"

ఎస్తేరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని ఉన్నదంతా చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది. పొడుగు నాలుక మనిషితో ఒట్టు వేయించుకోవడమంటే జల్లెడలో నీళ్లు పోయడమే. పాపం, ఆయన చెడు తలచి చెప్పలేదు, భయంతో చెప్పాడు. ఒకడికే చెప్పాడు. ఆ ఒకడు వాడకు చెప్పాడు. ఎస్తేరుకు గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించమని ఒకరంటే, ఉపవాస ప్రార్థన పెట్టించమని ఇంకొకరన్నారు. పళ్లెం పెట్టింది ఎవరికన్నది మాత్రం వాడలో రోజుకొక తీరుగా మారింది.

సంఘం సెక్రటరీ ప్రేమ్‌సాగర్‌కు ఎరువుల దుకాణం ఉంది. చెడ్డవాడు కాదు, పండుగ సక్కగా జరగాలన్న తపన గల మనిషి. ఆ తపనలో మీటింగులో నిలబడి ఒక మాట అనేశాడు. "దయ్యాలు కనబడే మనిషితోని వండిస్తే ఆ కూర ఎవరు తింటరు? గిసొంటోళ్లు ఇంట్లనే ఉండాలె, పదిమందిలకు రావొద్దు."

ఈ మాట ఎస్తేరమ్మ చెవిన పడింది. ఆ రోజు ఆమె పొయ్యి వెలిగించలేదు. ముందు ఇంటి పరువు పోయిందని మూతి ముడుచుకున్న గ్లోరీకే, చల్లారిన పొయ్యి చూసేసరికి మనసు ఆగలేదు. మర్నాడు అంగన్‌వాడీకి సెలవు పెట్టి అత్తను మహబూబ్‌నగర్ బస్సెక్కించింది.

డాక్టరమ్మ అంతా విని, "వాళ్లు మీతో మాట్లాడతారా?" అని అడిగింది.

"ఒక్కలు మాట్లాడరమ్మా. అడిగితె గూడ పలుకరు."

"ఈ జబ్బులో ఇది ఉండేదేనమ్మా. మీ కళ్లు బాగానే ఉన్నాయి. కన్ను చూసినదాన్ని మెదడు శ్రద్ధగా పట్టుకోవాలి. మీకు ఆ పట్టు సడలుతోంది. సడలిన చోట మెదడు ఊరికే ఉండక తన దగ్గరున్న బొమ్మ ఒకటి తెచ్చి నిలబెడుతుంది. మసక వెలుతురులో, మీరు అలిసినప్పుడు ఇంకా ఎక్కువ. రెండు పనులు ఒకేసారి చెయ్యలేకపోవడం కూడా ఇందులోదే."

"అయితె దయ్యం కాదా?"

"దయ్యమైతే మందులకు తగ్గదు. మందులు మార్చి రాస్తాను, మీ అంతట మీరు ఏదీ మానొద్దు. ఇంట్లో మంచి లైటు పెట్టించండి, ఆ రెయిన్‌కోటు అక్కడి నుంచి తీసెయ్యండి."

ఎస్తేరమ్మ అసలు సంగతి అడిగింది. "వండొచ్చా అమ్మా?"

"ఒకసారికి ఒక్క పని. పక్కన ఇంకో మనిషి. అట్లా అయితే తప్పకుండా వండండి."

తిరుగు బస్సులో ఎస్తేరమ్మ కిటికీ పక్కన కూర్చుని ఒకే మాట పట్టుకుని ఆలోచించింది. లేనోళ్లు పలకరు. అంటే పలికినోళ్లంతా ఉన్నోళ్లే. అయితే ఏం అడిగితే ఎవరైనా పలుకుతారు? ఇది ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మన దిక్కు "తిన్నవా" అంటే బదులు చెప్పని మనిషి ఇంకా పుట్టలేదు. తినని వాడు మొహమాటానికి "తిన్న" అంటాడు, తిన్నవాడు తృప్తిగా "తిన్న" అంటాడు. గట్టు తగాదాలో కొట్లాడి మాటలు బంద్ పెట్టుకున్న అన్నదమ్ముల పాలోళ్లు కూడా, మొఖం అటు తిప్పుకొనైనా "ఆఁ, తిన్న" అని తీరతారు.

ఇంటికి రాగానే మొగుడి మీద ప్రయోగం చేసింది. "తిన్నవా?"

"నువ్వు వండందే ఏం తింట?" అని కసిరాడు భిక్షపతి.

"ఉన్నడు" అని గ్లోరీతో చెప్పింది ఎస్తేరమ్మ. అత్తాకోడళ్లు కడుపుబ్బ నవ్వుకున్నారు. భిక్షపతికి ఎందుకో అర్థం కాకపోయినా వాళ్లు నవ్వుతున్నారు కదా అని తనూ నవ్వాడు.

ఆ నాటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ ప్రశ్న పడాల్సిందే. పలికితే పీట, పలకకపోతే ఒక చూపు చూసి తన పనిలో తను పడిపోయేది. కొత్త మందులతో వచ్చేవాళ్లు పలచబడ్డారు. రిబ్బన్ల పిల్ల మాత్రం అప్పుడప్పుడు వచ్చి అరుగు మీద కూర్చునేది. కూర్చోనియ్యమంది ఎస్తేరమ్మ. గ్లోరీ పోయి ప్రేమ్‌సాగర్‌తో డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పి, వంట దగ్గర తనుంటానని మాటిచ్చింది. ఆయన చాలాసేపు గొణిగి చివరకు ఎస్తేరమ్మ ఇంటికే వచ్చాడు.

"సరే అత్తా, వండు. గని పదిమందిల ఒక్క పొరపాటు జరిగినా ఇగ ఎన్నడు గంటె పట్టొద్దు. మాటియ్యి."

"పట్ట" అంది ఎస్తేరమ్మ.

పండుగ నాడు పొయ్యి దగ్గర కొత్త చట్టం నడిచింది. ఎస్తేరమ్మ చేతిలో గంటె ఉన్నంతసేపు ఆమెతో ఎవరూ ముచ్చట పెట్టొద్దు. ముచ్చట పెడితే గ్లోరీ కళ్లెర్రజేసేది. ఉప్పు వేసిన వెంటనే గిన్నె తీసుకుపోయి దూరంగా దాచేది. రుచి చూడ్డానికి భిక్షపతిని పెట్టారు. ఆయన ఉప్పు సరిపోయిందో లేదో తేల్చుకోలేక ముక్క మీద ముక్క అడిగి, చివరకు గంటెతో ఒక దెబ్బ తిన్నాక తేల్చేశాడు. కూర కుదిరింది. మసాలా వాసన చర్చి లోపలికి పోయి, ప్రసంగం చివరి భాగం ఎవరూ సరిగ్గా వినలేదు.

మొదటి బంతి కూర్చుంది. గ్లోరీ ముందు నడుస్తూ విస్తరాకుల్లో బగారన్నం పెడుతోంది. వెనక కూర బకెట్టుతో భిక్షపతి, గంటెతో ఎస్తేరమ్మ. ప్రతి మనిషి ముందు ఆగి "తిన్నవా?" అని అడుగుతోంది. తినడానికే కూర్చున్న మనుషుల్ని తిన్నావా అని అడగడం చూసి బంతంతా నవ్వు. "ఎక్కడ తిన్న అక్కా, ఎయ్యి!" అని ఒకడు, "రాత్రి తిన్న, మళ్లీ ఇప్పుడే!" అని ఇంకొకడు. గ్లోరీ ముందే అందరికీ చెప్పి ఉంచింది, అత్తమ్మ అడిగితే గట్టిగా పలకమని. పలికినవాడికల్లా గంటె నిండా ముక్కలు.

బంతి నడుమ ప్రేమ్‌సాగర్ తండ్రి చెన్నయ్య కూర్చున్నాడు. ముసలాయన ఈ మధ్య ఇల్లు దాటడం తక్కువ. "తిన్నవా అన్నా?" అంటే "లేదు చెల్లె" అన్నాడు, కూర పడింది. ఆయన పక్కన తెల్లటి పొడుగు అంగీ వేసుకున్న మనిషి ఒకడు, మెరిసే నెత్తి, మెత్తని నవ్వు. ఎస్తేరమ్మ ఎన్నడూ చూసిన మొఖం కాదు.

"తిన్నరా అయ్యా?"

ఆయన నవ్వి తల ఊపి రెండు చేతులు జోడించాడు. మాట లేదు. ఎస్తేరమ్మ మళ్లీ అడిగింది. మళ్లీ అదే నవ్వు. ఆయన ముందు విస్తరాకు కనబడుతోంది, ఆకులో అన్నం కూడా కనబడుతోంది. అయితే ఏమైంది? రిబ్బన్ల పిల్ల ఒళ్లో పలక కనబడలేదా? పైగా నిలువెల్లా తెలుపు. ఇంత తెల్లటివాడు ఇంత దుమ్ములో నిజంగా ఉంటాడా? ఆమె ముందుకు సాగింది. భిక్షపతి వంగి బకెట్టులో ఎముక లేని ముక్క తన కోసం వెతుక్కుంటున్నాడు, చూడలేదు.

ఆయన నిజంగానే ఉన్నాడు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన పెద్దయ్యగారు, ఈ దిక్కు చర్చిలన్నిటికీ పెద్ద పాస్టరు, పేరు దశరథం. ఈ మధ్యే బదిలీ మీద వచ్చాడు కాబట్టి ఊళ్లో చాలామంది చూడలేదు. ఆరాధన జరిగినంతసేపు ఎస్తేరమ్మ పొయ్యి దగ్గరే ఉంది. ఆయనకు ఆ పొద్దుటే దవడ పన్ను పీకారు. నోట్లో దూది. అందుకే ప్రసంగం ఊరి పాస్టరుకు వదిలి, తను చెయ్యెత్తి దీవించి ఊరుకున్నాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదంటారు. వడ్డించే మనిషి కంటికి మనం ఉన్నామని నమ్మకం కుదరకపోతే మొదటి బంతి నడుమ కూర్చున్నా కూర రాదు.

మారు వడ్డన కూడా ఆయన్ని దాటిపోయింది. మంచి మనిషి, ఇక్కడ అతిథికి చివర వడ్డిస్తారేమో అనుకుని వట్టి అన్నం ముందు ఓపికగా కూర్చున్నాడు. చివరకు ప్రేమ్‌సాగర్ కంట పడింది.

"అత్తా! పెద్దయ్యగారి ఇస్తారాకుల కూరేది?"

ఎస్తేరమ్మ ఆయన వేలు చూపిన దిక్కు చూసింది. "గా తెల్ల అంగీ ఆయన... ఉన్నడా?"

ఎస్తేరమ్మ గంటెను బకెట్టు మీద పెట్టేసింది. అందరికీ వినబడేటట్టు చెప్పింది. వాడంతా చెవులు కొరుక్కున్న సంగతే, ఆమె నోటి వెంట రావడం మాత్రం అదే మొదలు.

"నాకు లేనోళ్లు కనబడ్తరు. దాచిపెట్టిన. దాస్తె గంటె ఉంటదనుకున్న. అడిగితె ఉన్నోళ్లు పలుకుతరు, లేనోళ్లు పలుకరు. గీ అయ్యగారు పలుకలే, అందుకని ఇడిసిపెట్టిన. నా తప్పే."

పెద్దయ్యగారు గబగబా నోట్లో దూది తీశాడు. వాచిన దవడతో ఏదో అన్నాడు. రెండోసారి అంటే గాని తెలియలేదు. "పన్ను... పీకిచ్చుకున్న. ఉన్న అమ్మా. నేను ఉన్న."

ఎవరో కిసుక్కుమన్నారు. ప్రేమ్‌సాగర్‌కు నవ్వు రాలేదు. పిలిచిన అతిథి ముందు తల కొట్టేసినట్టయింది. గంటె తన చేతిలోకి తీసుకుని, "మాటంటే మాటే అత్తా" అన్నాడు. ఎస్తేరమ్మ తల ఊపింది. ఆయన కోపం అక్కడితో ఆగక తండ్రి మీదికి మళ్లింది. "నాయినా, నువ్వు ఆయన పక్కనే కూసున్నవు గదనే. కూర లేని ఇస్తారాకు కనబడలేదా? ఒక్క మాట చెప్పొద్దా?"

చెన్నయ్య అన్నం లోకి చూస్తూ మెల్లగా అన్నాడు. "నాకేం ఎరుక బిడ్డా, ఆయన ఉన్నడో లేడో."

పరాచికమనుకుని బంతి గొల్లుమంది. ముసలాయన నవ్వకపోయేసరికి ఆ నవ్వు సగంలో ఆగింది.

"ఎండకాలం సంది నాకు మేకలు కనబడ్తున్నయి" అన్నాడు చెన్నయ్య. "తెల్ల మేకలు. మంచం కింద ఉంటయి, వాకిట్ల ఉంటయి. ఇయ్యాల మేకకు బదులు తెల్ల అంగీ మనిషి వచ్చి కూసున్నడనుకున్న. ఎస్తేరు గూడ కూర ఎయ్యకపాయె. ఇగ లేడనే ఖాయం చేసుకున్న."

పెద్దయ్యగారు దవడ పట్టుకుని, నొప్పికి ఓర్చుకుంటూ నవ్వాడు. ప్రేమ్‌సాగర్ మాత్రం తండ్రి ముందు గొంతుక్కూర్చున్నాడు. "గిన్ని దినాల సంది నాకెందుకు చెప్పలే నాయినా?"

"మీటింగుల నువ్వన్నది నేను ఇన్న గద. గిసొంటోళ్లు పదిమందిలకు రావొద్దంటివి." తువ్వాలు కింద దాచుకున్న ఎడమ చెయ్యి బయటికి తీశాడు. అది వణుకుతోంది. "ఇంట్లనే ఉన్న."

ఎరువుల దుకాణంలో రోజంతా గలగలమనే ప్రేమ్‌సాగర్ కళ్లు తుడుచుకున్నాడు. ఎస్తేరమ్మ మెల్లగా వచ్చి ముసలాయన పక్కన నేల మీద కూర్చుంది. తన బాధ అప్పటికే సగం మరిచిపోయింది.

"మేకలు అరుస్తయా అన్నా?"

"అరవయ్. ఊకె చూస్తయి."

"నీ పనే నయ్యం. మేకలకు అన్నం పెట్టే బాధ లేదు. నా ఇంటికి అందరు మనుషులే వస్తరు."

చెన్నయ్య నవ్వాడు. ఎన్నాళ్లకో నవ్వాడని చూసినవాళ్లకు తెలిసిపోయింది. "గా డాక్టరమ్మ తిడ్తదా ఎస్తేరూ?"

"తిట్టది. ఉన్నదున్నట్టు చెప్పాలె, అంతే."

"అత్తా" అన్నాడు ప్రేమ్‌సాగర్. "మంగళారం నువ్వు దవాఖానకు పోతున్నవట గద. మా నాయినను గూడ తోల్కపోతవా?"

"పోతం. ఆడోళ్లకు బస్సుల టికెట్టు లేదు, మీ నాయినకు నువ్వు కొను. మేకల సంగతి కండక్టర్‌తోని నేను మాట్లాడ్త." ఎస్తేరమ్మ గ్లోరీ భుజం పట్టుకుని లేచి, చెయ్యి చాపింది. "ముందుగాల గా గంటె ఇటియ్యి. అయ్యగారి అన్నం ఎండిపోతాంది."

ప్రేమ్‌సాగర్ లేచి నిలబడి రెండు చేతులతో ఇచ్చాడు.